ఒక చిన్న కాగితం

 

ప్రియ చదువరీ, ఈ దినమున నీతో ఒక కాగితమును గూర్చి మాట్లాడదలచాను. అది నోటు కాదు, పట్టా కాదు, వీలునామా కాదు. ఐగుప్తు దేశపు ఇసుకలో పదహారు వందల ఏండ్లకు పైగా పడియున్న ఒక చిన్న ముక్క. జమ్ము జాతి మొక్క నుండి తయారుచేసిన పపైరస్ కాగితము. అటువంటి వాటిలో మొదటిదానిని 1893లో ఒక జర్మను పండితుడు చదివి ప్రకటించాడు. ఆ తరువాత ఒక్కొక్కటిగా నలభైకి పైగా దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం ఫయ్యూం ప్రాంతములోని థియడెల్ఫియా అనే ఒక్క గ్రామానికి చెందినవే.

నేను సెమినరీలో చదువుకొనే రోజులలో సంఘ చరిత్ర తరగతిలో మొదటిసారి ఈ కాగితాల సంగతి విన్నాను. పరీక్షకు పనికివచ్చే సంగతిగా రాసుకొని ఊరుకున్నాను. చాలా సంవత్సరాల తరువాత, నేను పాస్టరునైన తరువాత, ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్న వలన ఆ పాఠం నాకు మరల జ్ఞాపకం వచ్చింది. ఆ ప్రశ్న ఏమిటో చివర చెప్పుతాను. ముందు ఆ కాగితములో ఏమున్నదో చూద్దాం.

ఆ కాగితములో ఏమున్నది?

ఒక కాగితము మీద ఒక ముసలివాని వివరములున్నాయి. పేరు ఔరేలియస్ డియోజెనీస్. తండ్రి పేరు, గ్రామము పేరు ఉన్నాయి. వయస్సు 72 ఏండ్లు. కుడి కనుబొమ్మ మీద మచ్చ. మన స్కూలు సర్టిఫికెట్లలో పుట్టుమచ్చలు రాసినట్టే, ఆనవాలు కూడా రాశారు. ఆ తరువాత సంగతి ఇది: నేను ఎల్లప్పుడు దేవతలకు బలి అర్పించుచునే వచ్చాను, ఇప్పుడు కూడా మీ యెదుట ఆజ్ఞ ప్రకారం బలి ఇచ్చి, పానార్పణము పోసి, బలిమాంసము రుచి చూచాను, కాబట్టి దీనిని ధృవీకరించండి అని అధికారులకు మనవి. క్రింద తేదీ. మన లెక్కలో అది క్రీ.శ. 250 జూన్ 26.

ఇది ఎందుకు పుట్టింది? క్రీ.శ. 248లో రోమా పట్టణం తన వెయ్యేండ్ల పండుగ చేసుకొన్నది. పండుగ గొప్పగా జరిగింది గాని సామ్రాజ్యము లోపల గొప్పగా లేదు. డాన్యూబు నది అవతలి నుండి గోతులు దండెత్తుచున్నారు. సేనాధిపతులు ఒకరిమీద ఒకరు తిరుగబడుచున్నారు. 249లో డేసియస్ అనే సేనాధిపతి యుద్ధములో గెలిచి చక్రవర్తి అయ్యాడు. పాత దేవతలను ప్రజలు అలక్ష్యం చేశారు, అందుకే ఈ కీడులు వచ్చాయి అని ఆ కాలములో చాలామంది నమ్మేవారు. కాబట్టి సామ్రాజ్యములోని ప్రజలందరు దేవతలకు బలి అర్పించాలని డేసియస్ ఆజ్ఞ ఇచ్చాడు. ప్రతి ఊరిలో దానిని చూడటానికి మనుష్యులను నియమించారు. కార్తేజి పట్టణములో అధికారులతోబాటు ఊరి పెద్దలు ఐదుగురిని కూర్చోబెట్టారు. బలి ఇచ్చినవానికి కాగితము. కాగితము లేనివానికి చెర, చిత్రహింస, దేశబహిష్కారము, కొందరికి మరణము.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గమనించండి. దొరికిన ఆ కాగితాలలో ఒక్కదానిలోనైనా క్రీస్తు పేరు లేదు. క్రైస్తవుడు అనే మాట కూడా లేదు. నేను యేసును విడిచిపెట్టాను అని ఎవరిచేతా రాయించలేదు. మొసలి రూపములో పూజింపబడిన దేవత గుడిలో సేవచేసే పూజారిణి పేరుతో కూడా ఒక కాగితము దొరికింది. అంటే ఆజ్ఞ అందరికీ ఒక్కటే. ఇది మీ మతానికి వ్యతిరేకం కాదు, అందరూ చేస్తున్నదే, దేశ క్షేమం కొరకు, ఒక్క నిమిషం పని, అయిపోయిన తరువాత నీ ఇంటికి నీవు వెళ్లు అన్నట్టుగా ఉన్నది ఆ ఏర్పాటు.

ప్రియులారా, శోధన ఎప్పుడూ కొమ్ములు పెట్టుకొని రాదు. సాతాను వెలుగుదూత వేషము వేసుకొంటాడని పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 11వ అధ్యాయములో హెచ్చరించాడు. క్రీస్తును దూషించు అని అడిగియుంటే మన పితరులలో చాలామంది ప్రాణం పోయినా దూషించేవారు కారు. చిటికెడు ధూపం వేయి అని అడిగినప్పుడు చాలామంది వేశారు.

సుఖకాలములో వచ్చిన బలహీనత

కార్తేజి పట్టణము ఉత్తర ఆఫ్రికాలో, నేటి ట్యునీషియా దేశములో ఉన్నది. ఆ కాలములో అక్కడి సంఘానికి బిషప్పు సిప్రియను. ఆయన ధనికుడు, పేరుపొందిన వాగ్ధాటి గలవాడు. సుమారు 246లో బాప్తిస్మం పొంది, తన ఆస్తిలో చాలా భాగం బీదలకు ఇచ్చాడు. రెండు మూడేండ్లకే సంఘము ఆయనను బిషప్పుగా కోరుకొన్నది. ఆయన ఆ పనిలో కుదురుకొనక మునుపే డేసియస్ ఆజ్ఞ వచ్చింది.

251లో సిప్రియను పడిపోయినవారిని గూర్చి ఒక గ్రంథము రాశాడు. అందులో ఆయన వర్ణించినది చదివితే గుండె బరువెక్కుతుంది. సైనికులు వచ్చి ఈడ్చుకొనిపోయే వరకు జనులు ఆగలేదట. తామే పరుగెత్తికొని చావడికి వెళ్లారు. సాయంత్రమైంది, రేపు రండి అని అధికారులు చెప్పినా, ఈ రోజే కానివ్వండని బ్రతిమాలుకొన్నవారు ఉన్నారు. ఒకరినొకరు ప్రోత్సహించుకొంటూ వెళ్లారు. తల్లిదండ్రులు చంకబిడ్డలను కూడా ఎత్తుకొని బలిపీఠము దగ్గరకు తీసుకొనిపోయారు.

ఇంతమంది ఇంత త్వరగా ఎందుకు పడిపోయారు? హింస గొప్పది గనుకనా? సిప్రియను అట్లు చెప్పలేదు. హింసకు ముందు ఉన్న దీర్ఘశాంతిని ఆయన చూపించాడు. ఆఫ్రికా సంఘము దాదాపు ఒక తరము పాటు పెద్ద శ్రమ ఎరుగదు. ఆ సంవత్సరములలో సంఘములు పెరిగాయి, ఆస్తులు పెరిగాయి. విశ్వాసులు పొలము మీద పొలము చేర్చుకొన్నారు. అవిశ్వాసులతో వియ్యమందారు. బిషప్పులు కొందరు తమ మందను విడిచి, వ్యాపారం కొరకు ఊళ్లు తిరిగారు. ఆకలిగొన్న సహోదరులు సంఘములో ఉండగా వీరు వడ్డీకి డబ్బు తిప్పారు. ఈ మాటలు బయటివారు చేసిన నింద కాదు. సొంత బిషప్పు కన్నీళ్లతో రాసిన మాటలు.

ఆయన చెప్పిన కారణం ఇదే: వారి ఆస్తే వారికి సంకెల అయినది. ఊరు విడిచి పారిపోవటానికి దారి ఉన్నది. ప్రభువు కూడా ఒక పట్టణములో హింసించినప్పుడు మరియొక పట్టణమునకు పారిపొండని శిష్యులకు చెప్పాడు గదా. గాని పొలమును, ఇంటిని, కొట్టును వెంట తీసుకొనిపోలేరు. అందుకని నిలిచిపోయారు. నిలిచి, బలి ఇచ్చారు. బలిపీఠము దగ్గర ఓడిపోకముందే వారు తమ ఇంటిలో, తమ లెక్కల పుస్తకములో ఓడిపోయారు.

చదువరీ, లోకమును లోకములో ఉన్నవాటిని ప్రేమింపవద్దని యోహాను తన మొదటి పత్రిక 2వ అధ్యాయములో రాసినప్పుడు, పాడు సినిమాలను, త్రాగుడును మాత్రమే ఉద్దేశించి రాయలేదు. విడువలేని ప్రతి వస్తువు ఒక దినమున మన చేతిని పట్టుకొని బలిపీఠము దగ్గరకు నడిపించగలదు.

నేను బలి ఇవ్వలేదు గదా!

పడిపోయినవారు మూడు విధములుగా ఉన్నారు. కొందరు జంతుబలి ఇచ్చి ఆ మాంసము తిన్నారు. కొందరు ధూపము మాత్రం వేశారు. మూడవ గుంపువారు తెలివైనవారు. వీరు బలి ఇవ్వలేదు, ధూపము వేయలేదు, బలిపీఠము మెట్లు ఎక్కలేదు. అధికారికి డబ్బు ఇచ్చి, బలి ఇచ్చినట్టు కాగితము మాత్రం కొనుక్కొన్నారు. వారిని పత్రము గలవారు అని పిలిచారు.

వారి వాదన వినండి. నేను క్రైస్తవుడను, విగ్రహానికి బలి ఇవ్వటం తప్పని నాకు తెలుసు, ఆ సంగతి అధికారికి కూడా చెప్పాను, అందుకే డబ్బు కట్టాను, నా చేతులు శుభ్రంగా ఉన్నాయి, నా హృదయం దేవునికి తెలుసు. వారిలో కొందరు నిజముగానే తాము పాపము చేశామని అనుకోలేదు. సిప్రియను కూడా ఒక ఉత్తరములో వారి వాదనను న్యాయముగా వివరించాడు. బలి ఇచ్చినవానితో సమానముగా వారిని చూడలేదు. అయినా వారికి ఇచ్చిన జవాబు స్పష్టముగా ఉన్నది. నీవు చేయలేదన్న మాట నిజమే. గాని చేశానని చెప్పే కాగితము నీ పేరుతో ఉన్నది. ఆ కాగితము చదివినవానికి నీవు సాక్షివి, అబద్ధ సాక్షివి. మనుష్యుల యెదుట తన్ను ఒప్పుకొనువానిని తండ్రి యెదుట ఒప్పుకొంటానని ప్రభువు మత్తయి 10వ అధ్యాయములో చెప్పినప్పుడు, హృదయములో రహస్యముగా ఒప్పుకొమ్మని చెప్పలేదు.

ఇందుకు ఎదురుగా ఒక స్త్రీని చూడండి. ఆమె పేరు బోనా. ఆమెను సొంత భర్తే బలిపీఠము దగ్గరకు ఈడ్చుకొనిపోయాడు. ఆమె చేతులను ఇతరులు గట్టిగా పట్టుకొని బలి చేయించారు. ఆమె నోరు మూసుకొనియుంటే పని అయిపోయేది. కాగితము వచ్చేది, ఇంటికి వెళ్లిపోయేది. అయితే ఆమె ఊరుకొనలేదు. చేసింది నేను కాదు, మీరే చేశారని బిగ్గరగా కేక వేసింది. అందుకు ఆమెను దేశములోనుండి వెళ్లగొట్టారు. చేతులు కట్టబడినా నోటితో సత్యం చెప్పింది ఈమె. చేతులు స్వేచ్ఛగా ఉన్నా కాగితముతో అబద్ధం చెప్పారు వారు.

ఇక రోమాలో సెలెరినస్ అనే విశ్వాసి ఉన్నాడు. ఆయన విశ్వాసము కొరకు చెరలో బాధలు పడినవాడు. అయితే ఆయన సహోదరీలు నిలువలేకపోయారు. వారిలో ఒకామె బలి ఇవ్వకుండుటకు లంచం ఇచ్చి దారిమధ్యలో తిరిగివచ్చింది. ఆయన ఆ సంవత్సరం ఈస్టరు పండుగ దినములలో కూడా ఏడ్చుచూనే ఉన్నాడని తన ఉత్తరములో రాశాడు. ఆ స్త్రీలు ఏమి చేశారో తెలుసా? కార్తేజి నుండి 65 మంది విశ్వాసులు బహిష్కృతులై రోమాకు వచ్చినప్పుడు ఓడరేవుకు ఎదురువెళ్లి వారిని చేర్చుకొని, వారికి ఉపచారం చేశారు. పడిపోయాము గనుక మాకిక సంఘముతో పని లేదని ఇంటిలో కూర్చోలేదు. పడిన చేతులతోనే పరిశుద్ధుల పాదములకు నీళ్లు అందించారు.

రెండవ కాగితము

సిప్రియను సంగతి కూడా దాచకుండా చెప్పాలి. హింస మొదలవగానే రోమాలో బిషప్పు ఫాబియను 250 జనవరి 20న హతసాక్షి అయ్యాడు. అంతియొకయ బిషప్పు బాబిలస్, యెరూషలేము బిషప్పు అలెగ్జాండరు చెరలోనే కన్నుమూశారు. గొప్ప బోధకుడైన ఓరిజెను ముసలితనములో చిత్రహింసలు పొందాడు. సిప్రియను మాత్రం ఊరు విడిచి దాగుకొన్నాడు. తోడేలును చూచి పారిపోయే జీతగాని వలె ఉన్నాడని రోమా సంఘపెద్దలు ఎత్తిపొడిచినట్టు ఉత్తరం రాశారు. నేను ఊరిలో ఉంటే అల్లరి ఎక్కువై మందకే ప్రమాదమని, దూరమున ఉండి కూడా ఉత్తరాలతో, డబ్బుతో, ప్రార్థనతో మందను కాస్తున్నానని ఆయన జవాబు ఇచ్చాడు. అది సరియైన నిర్ణయమా కాదా అని అప్పుడే వాదనలు జరిగాయి. అందుకే పడిపోయినవారిని గూర్చి తీర్పు చెప్పవలసి వచ్చినప్పుడు ఆయన ఎంతో భయముతో, బరువుతో మాట్లాడాడు.

ఇంతలో మరియొక చిక్కు వచ్చింది. చెరలో శ్రమపడినవారి మాటకు సంఘములో గొప్ప విలువ ఉండేది. పడిపోయినవారు చెర దగ్గరకు వెళ్లి, మమ్ములను సంఘములో మరల చేర్చుకొమ్మని ఒక చీటీ రాసి ఇవ్వండని వారిని అడిగారు. జాలిపడి వారు రాసి ఇచ్చారు. కొన్ని చీటీలలో ఫలానావానిని తనవారితో సహా చేర్చుకొనుడి అని ఉన్నది. తనవారు అంటే ఎంతమంది? ఒక్క చీటీతో ఇరవై ముప్పై మంది వచ్చి మేమూ ఆయనవారమే అనవచ్చునని సిప్రియను వాపోయాడు. లతీను భాషలో బలి కాగితమునకును ఈ సమాధాన చీటీకిని వాడిన మాట ఒక్కటే, లిబెల్లస్. మొదటి కాగితముతో శ్రమ తప్పించుకొన్నారు. రెండవ కాగితముతో పశ్చాత్తాపమును తప్పించుకోజూచారు.

ప్రియులారా, ఇది మరింత మోసకరమైనది. మొదటి మోసం లోకము చేసింది. రెండవది సంఘములోనే, జాలి పేరుతో, క్షమాపణ పేరుతో జరిగింది. కన్నీరు లేని క్షమాపణ, ఒప్పుకోలు లేని సమాధానము మనిషిని బాగుచేయవు. గాయమును కడుగకుండా పైన గుడ్డ కట్టినట్టే.

తలుపు మూయాలా, తెరవాలా?

251లో హింస తగ్గింది. ఆ సంవత్సరమే డేసియస్ గోతులతో యుద్ధములో మరణించాడు. సిప్రియను తిరిగి వచ్చాడు. ఈస్టరు తరువాత ఆఫ్రికా బిషప్పులు కార్తేజిలో సభగా కూడారు. వారి యెదుట రెండు వాదనలు ఉన్నాయి. ఒక గుంపు, అందరినీ వెంటనే చేర్చుకొనుడి, చీటీలు ఉన్నాయి గదా అన్నది. రోమాలో నొవేషియను అనే పండితుడు, పడిపోయినవారికి సంఘములో ఇక ఎన్నటికిని చోటు లేదు అన్నాడు. మొదటిది పాపమును చిన్నది చేసింది. రెండవది క్రీస్తు రక్తమును చిన్నది చేసింది.

సభ ఈ రెండింటినీ ఒప్పుకొనలేదు. ప్రతి ఒక్కరి సంగతిని విడివిడిగా విచారించాలని నిర్ణయించింది. కాగితము కొన్నవారు పశ్చాత్తాపపడితే చేర్చుకొనవచ్చు. బలి ఇచ్చినవారు దీర్ఘకాలము పశ్చాత్తాపములో ఉండాలి, మరణ సమయములో వారిని ఆదరించాలి. తరువాత మరియొక హింస వచ్చేటట్టు కనిపించినప్పుడు, మరల సభ కూడి, కన్నీళ్లతో కనిపెట్టుచున్నవారందరినీ ప్రభు బల్లకు చేర్చుకొన్నారు. యుద్ధానికి పంపబోయే సైనికునికి ఆయుధములు ఇవ్వకుండా ఎట్లు పంపుతాము, ప్రభువు శరీర రక్తములు లేకుండా వారెట్లు నిలువగలరు అన్నది వారి ఆలోచన.

ఆ దినములలోనే గొప్ప తెగులు సామ్రాజ్యమంతటా వ్యాపించింది. భయముతో జనులు సొంతవారిని కూడా వీధిలో విడిచిపెట్టారు. సిప్రియను సంఘమును కూర్చి, మనవారికే కాదు, మనలను హింసించినవారికి కూడా సేవచేయాలని బోధించాడు. డబ్బున్నవారు డబ్బు ఇచ్చారు, లేనివారు తమ కష్టం ఇచ్చారు. కరోనా దినములు చూచిన మనకు ఆ మాట విలువ తెలుసు.

257లో వలేరియను చక్రవర్తి కాలములో మరల హింస వచ్చింది. ఈసారి సిప్రియను పారిపోలేదు. మొదట కురుబిస్ అనే ఊరికి బహిష్కరించారు. 258 సెప్టెంబరు 14న గవర్నరు యెదుట నిలువబెట్టారు. ఆలోచించుకొమ్మని గవర్నరు చెప్పినప్పుడు, ఇంత న్యాయమైన సంగతిలో ఆలోచింపవలసినది ఏమీ లేదన్నట్టుగా జవాబిచ్చాడు. మరణశిక్ష చదివినప్పుడు దేవునికి కృతజ్ఞత చెప్పాడు. తనను నరుకబోయే తలారికి 25 బంగారు నాణెములు ఇమ్మని తనవారికి చెప్పి మోకరించాడు. ఒకనాడు దాగుకొన్న మనిషి, ఎనిమిదేండ్ల తరువాత జనులందరి యెదుట నిలిచాడు. దేవుడు ఒక్క దినమును బట్టి మన జీవితమంతటిని లెక్కించడు. పేతురును చూడండి. కోడి కూసిన రాత్రితో అతని కథ ముగియలేదు.

నేను రాసిన కాగితము

ఇప్పుడు ఆ పిల్లవాని ప్రశ్న చెప్పుతాను. నేను సేవలో కొత్తగా ఉన్న రోజులలో, ఒక జూన్ నెలలో, మా సంఘములోని ఒక తండ్రి నా యొద్దకు వచ్చాడు. ఒక క్రైస్తవ పాఠశాలలో కుమారునికి సీటు కావాలి. బాప్తిస్మం పొందిన పిల్లవాడని పాస్టరు ఉత్తరం తెమ్మన్నారు. ఆ పిల్లవానికి బాప్తిస్మం ఇవ్వలేదు. ఇద్దామని ఇద్దామని ఏదో కారణముతో ఇంటివారు వాయిదా వేశారు. అయ్యగారూ, ఎట్లాగూ ఇప్పిస్తాము గదా, ఒక్క కాగితమే గదా, పిల్లవాని బ్రతుకు బాగుపడుతుంది అన్నాడు. నేను ఒక తేదీ వేసి, సంతకం పెట్టి, సంఘము ముద్ర వేశాను. సీటు వచ్చింది. వారు నాకు మిఠాయి తెచ్చారు. నేను తిన్నాను.

ఎనిమిది తొమ్మిదేండ్ల తరువాత ఆ పిల్లవాడు విశ్వాసపు పాఠాల తరగతికి వచ్చాడు. ఒక సాయంత్రం అందరు వెళ్లిన తరువాత నిలిచి అడిగాడు. అయ్యగారూ, నాకు బాప్తిస్మం అయిందా కాలేదా? స్కూలు కాగితాలలో మీరు రాసిన ఉత్తరం చూశాను. అమ్మను అడిగితే కాలేదంటుంది. మీరు అయిందని రాశారు. ఇద్దరిలో ఎవరిది నిజం?

ఆ సాయంత్రం నాకు జవాబు దొరకలేదు. నీ మంచి కొరకే రాశాను అనవచ్చు. గాని నేను ప్రసంగించిన సత్యమును, నేను రాసిన అబద్ధమును ఆ పిల్లవాడు ఒకే చేతితో పట్టుకొని నిలుచున్నాడు. ఆ కాగితములో నేను ఏమి బలి ఇచ్చానో అప్పుడు నాకు తెలిసింది. నా మాటను బలి ఇచ్చాను. నేను ఇచ్చే బాప్తిస్మమునకు ఉన్న విలువనే బలి ఇచ్చాను. మీ అమ్మ చెప్పింది నిజం బాబూ, నేను రాసింది అబద్ధం, నన్ను క్షమించు అని చెప్పాను. ఆ తరువాత వాని తండ్రితోను, సంఘపెద్దలతోను ఒప్పుకొన్నాను. సంఘపెద్దలలో ఒకాయన నన్ను గద్దించాడు, తరువాత నా కొరకు ప్రార్థించాడు. రెండూ నాకు అవసరమైనవే. మరుసటి ఈస్టరుకు ఆ పిల్లవాడు తానే కోరి బాప్తిస్మం పొందాడు.

మన బలిపీఠములు

చదువరీ, ఈ దినమున నిన్ను ఎవరూ కత్తితో బెదిరించకపోవచ్చు. అయితే కాగితము మాత్రం ఏదో ఒక రూపములో నీ ముందుకు వస్తుంది. చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం. కొన్న ధరకంటే తక్కువ చూపించే దస్తావేజు. చూడని సంగతికి సాక్షి సంతకం. కట్నం అని పేరు పెట్టక పిల్లకు ప్రేమతో ఇచ్చినది అని చెప్పే మాట. ఎన్నికల రాత్రి తలుపు క్రింద నుండి వచ్చే కవరు. నిజమో కాదో చూడకుండా ఫోన్‌లో పదిమందికి పంపే వార్త. సులువుగా డబ్బు వస్తుందని పిలిచే పందెపు యాప్. కానుక వేస్తే ఆశీర్వాదం రెట్టింపు అవుతుందని చెప్పే బోధ. వీటిలో ఏదీ యేసును విడువుమని నిన్ను అడగదు. ఆదివారం గుడికి రావద్దని చెప్పదు. పాట పాడవద్దని చెప్పదు. అందరూ చేస్తున్నదే, ఒక్కసారే, చిన్నదే అంటుంది.

నీవు ఏమి చేయాలి? మూడు మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది, శాంతికాలములోనే సిద్ధపడు. కార్తేజివారు హింస దినమున కాదు, అంతకుముందు సంవత్సరములలో ఓడిపోయారు. నీవు విడువలేనిది ఏదో ఈ రాత్రి కూర్చొని ఆలోచించు. దానిని ప్రభువు చేతిలో పెట్టు. కొంత ఇప్పుడే ఇచ్చివేయి, అప్పుడు మిగిలినది నిన్ను పట్టుకొనదు.

రెండవది, నీ మాటను చిన్నదిగా ఎంచవద్దు. మన మాట అవునంటే అవును, కాదంటే కాదుగా ఉండాలని ప్రభువు కొండమీద బోధించాడు. సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకో: దీనిని నా బిడ్డ చదివితే ఏమి అడుగుతాడు?

మూడవది, పడిపోయినట్లయితే దాగుకొనవద్దు. మరియొక కాగితముతో దానిని కప్పవద్దు. నీ సంఘములో నమ్మదగిన ఒక పెద్దయొద్దకు వెళ్లి ఒప్పుకో. రోమా ఓడరేవుకు వెళ్లిన ఆ స్త్రీల వలె, ఏడ్చుచూనే సేవచేయి. నిలిచియున్నవాడా, నీవు పడినవానిమీద తలుపు మూయవద్దు. సాత్వికమైన మనస్సుతో వానిని మంచిదారికి తేవాలని గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయములో ఉన్నది. 

ప్రార్థించుకొందాం. పరలోకమందున్న మా తండ్రీ, మా పేరు నీ గ్రంథములో రాసియున్నదని నమ్ముచున్నాము. మా పేరుతో ఏ అబద్ధపు కాగితము లేకుండునట్లు మమ్మును కాపాడుము. విడువలేని వాటిని విడుచుటకు బలమిమ్ము. మేము పడినప్పుడు దాగుకొనక నీ యొద్దకు తిరిగివచ్చే మనస్సు ఇమ్ము. పడినవారిని నీ వలె చేర్చుకొనే హృదయము మా సంఘములకు దయచేయుము. నిన్ను ఎరుగనని బొంకిన పేతురును వెదకి మరల నిలిపిన యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.